ఒక్క డాలరు కాగితం, ఒక కచేరీ రికార్డు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. శాతవాహనుల గురించో, నిజాం కాలం నాటి రెవెన్యూ పద్ధతుల గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. వాటి మీద నాకంటె బాగా రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను ఒక అమెరికన్ గిటారు వాద్యకారుడి గురించి, అతని కచేరీ రికార్డు ఒకదాని గురించి రాస్తున్నాను. ఈ వయసులో ఈయనకు రాక్ సంగీతమేమిటని నవ్వుకునే మిత్రులు రెండు పేజీల వరకు ఓపిక పట్టాలని మనవి. ఇందులో సంగీతం ఎంత ఉందో ఫైలు కూడా అంతే ఉంది. సర్వీసంతా ఫైళ్లతో కాపురం చేసినవాణ్ణి కనుక ఆ రికార్డు వెనకనున్న కాగితమే నన్ను ముందు పట్టుకుంది. సంగీతం తరువాత పట్టుకుంది.

వాద్యకారుడి పేరు జిమీ హెండ్రిక్స్. రికార్డు పేరు ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’. 1970 జనవరి 1వ తేదీ రాత్రి న్యూయార్కులోని ఫిల్మోర్ ఈస్ట్ అనే థియేటరులో వాయించినది. అదే ఏడు మార్చి 25న అమెరికాలో కాపిటల్ కంపెనీ విడుదల చేసింది. ఇంతవరకు మామూలే. మామూలు కానిదేమంటే, హెండ్రిక్స్ రికార్డులను అమెరికాలో వేస్తూ వచ్చినది కాపిటల్ కంపెనీ కాదు. వార్నర్ వారి రిప్రైజ్ కంపెనీ. పేరు ప్రపంచమంతా మారుమోగుతున్న మనిషి తన కొత్త రికార్డును తీసుకెళ్లి పరాయి కంపెనీ చేతిలో ఎందుకు పెట్టాడు? దీనికి జవాబు 1965లో ఉంది.

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న అమెరికా వాయవ్య మూలనున్న సియాటిల్ నగరంలో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తల్లి లూసిల్ 1958లో చనిపోయింది. దొంగిలించిన కార్లలో తిరుగుతూ పోలీసులకు చిక్కి, జైలా సైన్యమా అన్న పరిస్థితి వచ్చేసరికి 1961 మే నెలాఖరున సైన్యంలో చేరాడు. పడినది 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లో. విమానాల నుంచి పారాచూట్లతో దూకే దళమది. కెంటకీ రాష్ట్రంలోని ఫోర్ట్ క్యాంప్‌బెల్ శిబిరంలో ఉండగా ఒకనాడు సైనికుల క్లబ్బులో గిటారు వాయించుకుంటుంటే, కిటికీ బయట నుంచి ఆ ధ్వని విని బిల్లీ కాక్స్ అనే సాటి సిపాయి లోపలికి వచ్చి పరిచయం చేసుకున్నాడు. కాక్స్ వాయించేది బేస్ గిటారు, అంటే మంద్రస్థాయిలో తాళానికి ఆధారంగా నడిచే వాద్యం. ఈ కాక్స్ మన కథలో మళ్లీ వస్తాడు. హెండ్రిక్స్ సైన్యంలో ఏడాదికి కాస్త అటూ ఇటూగా మాత్రమే ఉన్నాడు. 1962లో బయటికి వచ్చి, దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారి క్లబ్బులు తిరుగుతూ పక్కవాద్యం వాయించి పొట్ట పోసుకున్నాడు. ఇస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ వంటి పేరున్న గాయకుల వెనక కూడా నిలబడ్డాడు. పక్కవాద్యగాడి బతుకు ఏ దేశంలోనైనా ఒకటే. కచేరీ ఉంటే కూడు, లేకుంటే లేదు.

అలా న్యూయార్కు చేరి, కర్టిస్ నైట్ అనే గాయకుడి బృందంలో వాయిస్తున్న రోజుల్లో, 1965 అక్టోబరు 15న, ఎడ్ చాల్పిన్ అనే నిర్మాతతో ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడు. చాల్పిన్ సంస్థ పేరు పి.పి.ఎక్స్. ఎంటర్‌ప్రైజెస్. షరతులు క్లుప్తంగా ఇవి: మూడేళ్లపాటు హెండ్రిక్స్ పి.పి.ఎక్స్. వారికి తప్ప ఇంకెవరికీ రికార్డులు చేయరాదు. అందుకు ప్రతిఫలం ఒక్క డాలరు, రికార్డుల అమ్మకం మీద నూటికి ఒకటి వంతు రాయల్టీ.

ఒక్క డాలరు. 1965లో మన లెక్కన 4 రూపాయల 76 పైసలు. రూపాయి విలువ తగ్గించి 7 రూపాయల 50 పైసలు చేసినది ఆ మరుసటి ఏడు జూన్‌లో.

ఇంత అన్యాయపు ఒప్పందం చెల్లుతుందా అని ఎవరైనా అడగవచ్చు. చెల్లుతుంది. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 25వ సెక్షను చదివిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ప్రతిఫలం బొత్తిగా లేని ఒప్పందం చెల్లదు. కాని ప్రతిఫలం చాలదన్న ఒక్క కారణంతో ఒప్పందం కొట్టుబడిపోదు. ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నదైతే చాలు. వెయ్యి రూపాయల గుర్రాన్ని పది రూపాయలకు అమ్ముతానని ఒప్పుకున్నా అది ఒప్పందమేనని ఆ సెక్షను కిందనే ఉదాహరణ కూడా ఇచ్చారు. మన చట్టానికి మూలమైన ఇంగ్లీషు న్యాయసూత్రమే అమెరికాలోనూ ఉంది. ఆ డాలరు అక్కడ పెట్టినది హెండ్రిక్స్ ఆకలి తీర్చడానికి కాదు, ఒప్పందంలో ప్రతిఫలమనే కాలమ్ ఖాళీగా ఉండకుండా నింపడానికి. డ్రాఫ్టు తయారు చేసినవారికి పని తెలుసు.

మరుసటి ఏడు దశ తిరిగింది. యానిమల్స్ అనే ఇంగ్లీషు బృందంలో బేస్ గిటారు వాయించే చాస్ చాండ్లర్, న్యూయార్కులో గ్రీనిచ్ విలేజ్ ప్రాంతంలోని కెఫే వా అనే చిన్న క్లబ్బులో హెండ్రిక్స్‌ను విని, 1966 సెప్టెంబరులో లండన్‌కు తీసుకుపోయాడు. అక్కడ నోయెల్ రెడ్డింగ్, మిచ్ మిచెల్ అనే ఇద్దరు తెల్లవారిని జతచేసి ‘ఎక్స్‌పీరియన్స్’ అనే బృందం కట్టారు. వ్యవహారాలు చూసేందుకు మైకేల్ జెఫ్రీ అనే మేనేజరు కుదిరాడు. ప్రయాణానికి ముందు చాండ్లర్ వారు హెండ్రిక్స్ పాత ఒప్పందాలు ఆరా తీసి, సొమ్ము చెల్లించి విడిపించారు. పి.పి.ఎక్స్. కాగితం మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. హెండ్రిక్స్ దాన్ని చెప్పలేదు. మరిచాడో, అదొక కాగితమని తోచలేదో. రోజు గడవని ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఒక డాలరు పుచ్చుకుని పెట్టిన సంతకాన్ని పెట్టెలో భద్రంగా దాచుకుంటాడని నేనైతే అనుకోను.

1967లో హెండ్రిక్స్ పేరు ఇంగ్లండులోను, జూన్‌లో మాంటెరీ ఉత్సవంలో గిటారును వేదిక మీద తగలబెట్టిన తరువాత అమెరికాలోను మోగిపోయింది. చాల్పిన్ బీరువాలోని కాగితానికి ఒక్కసారిగా విలువ వచ్చింది. అతను కోర్టుకెక్కాడు. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. నాకు అంతుపట్టనిది తరువాత జరిగినది. వ్యవహారం కోర్టులో నలుగుతుండగానే, ఆ ఏడు వేసవిలో హెండ్రిక్స్ న్యూయార్కు వచ్చినప్పుడు, తన మీద దావా వేసిన అదే చాల్పిన్ స్టూడియోకు వెళ్లి, పాత స్నేహితుడు కర్టిస్ నైట్‌తో కూర్చుని మళ్లీ రికార్డు చేశాడు! ప్రతివాది తనంతట తాను వెళ్లి వాది ఇంట్లో పనిచేసి రావడం వంటిది ఇది. మంచితనమందామా, లోకజ్ఞానం లేకపోవడమందామా? రెండూ కలిసిన మనుషులను మన ఆఫీసుల్లోనూ చూశాం. అలాంటివారి పింఛను కాగితాలు చివరకు మరొకరు కూర్చుని సరిచేయవలసి వచ్చేది.

చాల్పిన్ ఆ రికార్డింగులను అమెరికాలో కాపిటల్ కంపెనీకి ఇచ్చాడు. 1967 డిసెంబరు నాటికే హెండ్రిక్స్ పేరు మీద, అతనికి ఇష్టం లేని ఆల్బమ్ ఒకటి బజారులోకి వచ్చేసింది. వాయించినది హెండ్రిక్స్, పాడినది కర్టిస్ నైట్ అని అట్ట మీదే వేశారు. అభిమానులు కొత్త సరుకనుకుని కొన్నారు. చివరకు 1968లో అమెరికా వరకు రాజీ కుదిరింది. హెండ్రిక్స్ రికార్డుల ఆదాయంలో చాల్పిన్‌కు వాటా ఇచ్చారు. దానికి తోడు, హెండ్రిక్స్ కొత్తగా చేయబోయే ఆల్బమ్ ఒకటి కాపిటల్ కంపెనీకి అప్పగించాలి. ఇంగ్లండులో వ్యాజ్యం మాత్రం అలాగే నడుస్తూ ఉంది. ఇదీ ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’ రికార్డు పుట్టుక. దాన్ని ఎవరూ ముచ్చటపడి కోరలేదు. అది బాకీ.

బాకీ తీర్చవలసిన వేళకు మనిషి పరిస్థితి బాగా లేదు. 1969 జూన్ నెలాఖరున డెన్వర్ కచేరీతో ఎక్స్‌పీరియన్స్ బృందం చెదిరిపోయింది. ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్ ఉత్సవంలో అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద బాంబుల మోతగా వాయించి సంచలనం రేపాడు గాని, అప్పుడు వెంట ఉన్న పెద్ద బృందం నిలవలేదు. మే నెలలో టొరంటో విమానాశ్రయంలో అతని సామానులో మాదకద్రవ్యాలు దొరికాయని పెట్టిన కేసు నెత్తిన వేలాడుతూ ఉంది. డిసెంబరు 10న నిర్దోషి అని తీర్పు వచ్చింది. అప్పటికి ఫిల్మోర్ కచేరీలకు మిగిలినది మూడు వారాలు. స్టూడియోలో కూర్చుని ఒక్కో పాటను నెలల తరబడి చెక్కడం అతనికి అలవాటు. అలా చెక్కినది కాపిటల్ వారికి ఇవ్వడం ఇష్టమూ లేదు, వ్యవధీ లేదు. కచేరీని రికార్డు చేసి ఇస్తే త్వరగా తేలిపోతుంది. అందుకే ఇది లైవ్ ఆల్బమ్ అయింది.

బేస్‌కు సైన్యం నాటి స్నేహితుడు బిల్లీ కాక్స్ వచ్చాడు. డ్రమ్స్‌కు బడ్డీ మైల్స్ అనే భారీ మనిషి. డ్రమ్స్ వాయిస్తూనే గొంతెత్తి పాడగలడు. ముగ్గురూ నల్లజాతివారు. ఈ సంగతిని ఈనాడు మనం తేలికగా చదివి పోతాం గాని, ఆ రోజుల్లో హెండ్రిక్స్ మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి ఉండేది. అతని శ్రోతల్లో ఎక్కువమంది తెల్లవారు. నల్లవారి రేడియోలు అతని పాటలను పెద్దగా వేసేవి కావు. నీ వాళ్లను వదిలి పోయావని నిష్ఠూరమాడేవారు ఒకవైపు, బాగా అమ్ముడుపోయిన పాత బృందాన్నే మళ్లీ కూర్చమనేవారు మరొకవైపు.

ఫిల్మోర్ ఈస్ట్ న్యూయార్కు నగరంలో సెకండ్ అవెన్యూ మీద ఉండేది. బిల్ గ్రాహమ్ అనే నిర్వాహకుడు పాత థియేటరు ఒకటి తీసుకుని 1968 మార్చిలో తెరిచాడు, 1971 జూన్‌లో మూసేశాడు. మూడేళ్లు చిల్లర నడిచిన హాలు అది. రెండున్నర వేల మంది పైచిలుకు పట్టేవారు. అక్కడ 1969 డిసెంబరు 31న రెండు ఆటలు, 1970 జనవరి 1న రెండు ఆటలు, వెరసి నాలుగు కచేరీలు. సినిమా హాలులో ఫస్టు షో, సెకండు షో వంటివే అనుకోండి. కొత్త సంవత్సరం అడుగుపెట్టే క్షణాన, ఇంగ్లీషువారు ఆ వేళకు పాడుకునే ‘ఆల్డ్ లాంగ్ సైన్’ అనే పాత పాటను కూడా గిటారు మీద వాయించాడు. నాలుగు కచేరీలూ రికార్డు చేశారు గాని ఆల్బమ్‌లోకి తీసుకున్నవన్నీ జనవరి 1వ తేదీవే. మొదటి వైపు రెండు పాటలు మొదటి ఆటలోవి, రెండో వైపు నాలుగూ రెండో ఆటలోవి.

బిల్ గ్రాహమ్ తరువాతి కాలంలో ఒక సంగతి చెప్పేవాడు. ఒక ఆట అయ్యాక హెండ్రిక్స్ వచ్చి ఎలా ఉందని అడిగితే, గంతులూ పళ్లతో వాయించడాలూ అన్నీ చేశావు గాని వాయించడమే మరిచావని మొహం మీదే చెప్పాడట. తరువాతి ఆటలో ఆ మనిషి ఉన్నచోటు నుంచి కదలకుండా వాయించాడట. కథలో ఉప్పూకారం కాస్త కలిసి ఉండవచ్చు. అయితే రికార్డులో వినిపించేది మాత్రం విన్యాసాలు చేసేవాడి వాయిద్యం కాదు. నిలబడి, తల వంచి, తన వేళ్లను తానే వింటున్న మనిషి వాయిద్యం.

వాయిద్యం గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఎలక్ట్రిక్ గిటారుకు వీణకు ఉన్నట్లు గుల్లగా ఉండే కుండ ఉండదు. గట్టి చెక్క పలక, దాని మీద ఉక్కు తీగలు, తీగల కింద అయస్కాంతాలు. తీగ కంపిస్తే అయస్కాంతం చుట్టూ ఉన్న చుట్టలో విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరులోకి పంపుతుంది. హెండ్రిక్స్ ఎడమచేతి వాటం వాడు. కుడిచేతి వారి కోసం చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారును తలకిందులుగా పట్టి, తీగలు మాత్రం తన వాటానికి మార్చి కట్టుకునేవాడు. వీణ మీద మెట్టు వద్ద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్లే వీరూ తీగను పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకుపోతారు. మన పాలకొల్లు యు. శ్రీనివాస్ గారు మాండలిన్‌కు జంట తీగలు తీసి ఒంటి తీగలు కట్టి, విద్యుత్తు జోడించి కర్ణాటక సంగీతంలో గమకాలు పలికించిన సంగతి మనందరికీ తెలుసు. విద్యుత్తు కలిస్తే సంగీతం చెడుతుందన్న వాదానికి ఆయన చేతివేళ్లే జవాబు.

ఇక్కడ ఇంకొకటి ఉంది. గిటారును స్పీకరుకు దగ్గరగా పెట్టి ధ్వని బాగా పెంచితే, స్పీకరు నుంచి వచ్చే శబ్దమే తిరిగి తీగను కంపింపజేస్తుంది. మన సభల్లో మైకు ‘కూ’మని అరిచి వక్తను బెదరగొట్టేది సరిగ్గా ఇదే. మైకువాడు పరుగెత్తుకు వచ్చి ఆపే ఈ అరుపును హెండ్రిక్స్ స్వరంగా మార్చుకున్నాడు. తీగ మీద వేలు ఉంచితే చాలు, మీటకుండానే ఆ స్వరం ఎంతసేపైనా నిలుస్తుంది. ఎక్కడ నిలబడాలో, గిటారును ఎటు తిప్పాలో తెలిసి ఉండాలి. తెలియకపోతే అది కేవలం మైకు కూతే.

ఈ విద్య అంతా కలిసి ఒకచోట అర్థవంతంగా నిలిచినది ఆ రికార్డు మొదటి వైపు రెండో పాటలో. పేరు ‘మెషీన్ గన్’. నిడివి పన్నెండున్నర నిమిషాల పైన.

అది ఎప్పుడు వాయించారో గుర్తుంచుకోవాలి. వియత్నాంలో అమెరికన్ సైనికుల సంఖ్య 1969 వసంతంలో 5 లక్షల 40 వేలు దాటింది. హెండ్రిక్స్ ఒకప్పుడు పనిచేసిన 101వ డివిజను కూడా అక్కడే పోరాడుతూ ఉంది. ఆ ఏడు మే నెలలో హాంబర్గర్ హిల్ అని పేరుపడిన కొండ కోసం రక్తం ధారపోసినవారిలో ఆ డివిజనువారే ముఖ్యులు. మై లై గ్రామంలో జరిగిన ఊచకోత సంగతి నవంబరులో పత్రికలకెక్కింది. డిసెంబరు 1న కుర్రవాళ్ల పుట్టినతేదీలను లాటరీ తీసి, ఎవరు ముందు సైన్యానికి పోవాలో నిర్ణయించారు. డిసెంబరు 4న షికాగోలో బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ను అతని ఇంట్లోనే పోలీసులు తెల్లవారుజామున కాల్చి చంపారు. నెల తిరగకుండా ఈ కచేరీ. హాలులో కూర్చున్న కుర్రవాళ్లలో ఎందరో తమ తేదీ ఎన్నో నంబరుగా వచ్చిందో తెలిసి వచ్చినవాళ్లే అయి ఉంటారు.

పాటకు ముందు హెండ్రిక్స్ నాలుగు మాటలు అంటాడు. గొంతు పెంచడు. కొత్త సంవత్సర శుభాకాంక్షలు చెప్పి, షికాగోలో, మిల్వాకీలో, న్యూయార్కులో పోరాడుతున్న సైనికులందరికీ ఈ పాట అంకితమంటాడు. తరువాత గుర్తొచ్చినట్లుగా, వియత్నాంలో పోరాడుతున్నవారికి కూడా అంటాడు. ఆ వరస చూడండి. ముందు సొంత దేశపు వీధుల పేర్లు చెప్పి, అసలు యుద్ధాన్ని చివర చేర్చాడు. 1967 నాటి ఇంటర్వ్యూలలో ఇదే మనిషి వియత్నాం యుద్ధాన్ని సమర్థిస్తున్నట్లు మాట్లాడాడు. పాత సిపాయి కదా. రెండేళ్లలో అక్కడి నుంచి ఇక్కడికి వచ్చాడు.

డ్రమ్స్ మీద బడ్డీ మైల్స్ తుపాకి పేలుళ్ల దరువు వేస్తాడు. టకటకటక అని తెంపుతెంపులుగా. గిటారు కూడా అదే దరువును తీగల మీద పలికిస్తుంది. యూనివైబ్ అనే చిన్న పరికరం వల్ల ధ్వని తిరుగుతున్నట్లు, దగ్గరకు వచ్చి దూరం పోతున్నట్లు ఉంటుంది. నాకైతే హెలికాప్టరు రెక్కల చప్పుడే వినిపిస్తుంది. పాటలో మాటలు తక్కువే. మాటలయ్యాక గిటారు ఒక్క స్వరాన్ని పట్టుకుంటుంది. పట్టుకుని వదలదు. ఊపిరి తీసుకోవడం మరిచిపోయేంతసేపు నిలుపుతుంది. ఆ తరువాత వచ్చేవి రాగాలాపనలోని సంగతులు కావు. ఏడుపు, విమానం దూసుకురావడం, ఎక్కడో దూరాన ఎవరో పిలవడం. ఒక్క తీగ వాద్యం మీద ఇన్ని పలకడం చూసి ‘ఎంత వేగం’ అనేవారున్నారు. వేగంగా వాయించేవారు తరువాత ఎందరో వచ్చారు. ఆ ఒక్క స్వరాన్ని అంతసేపు నిలపడానికి కావలసినది వేగం కాదు. ముఖారి పాడేవారు ఒక్కోసారి ఒక్క స్వరం మీద నిలిచి సభను నిశ్శబ్దం చేసేస్తారు. పోలిక సరికాదని సంగీతం తెలిసిన మిత్రులు కోప్పడినా సరే, నాకు తోచినది అదే.

మిగతా పాటల గురించి ఎక్కువ చెప్పను. మొదటిది ‘హూ నోస్’ తొమ్మిదిన్నర నిమిషాల నడకపాట. కాక్స్ బేస్ గిటారు దాన్ని ఎడ్లబండిలా నిదానంగా లాగుతుంది. రెండో వైపు నాలుగింటిలో ‘చేంజెస్’, ‘వి గాటా లివ్ టుగెదర్’ అన్నవి బడ్డీ మైల్స్ రాసి పాడినవి. ఇంజనీరు ఎడ్డీ క్రామర్ హెండ్రిక్స్‌తో కూర్చుని టేపులు సరిచేసినప్పుడు మైల్స్ గాత్రాన్ని కొన్నిచోట్ల కత్తిరించారు. కత్తిరించగా మిగిలినదే నా వరకు ఎక్కువ. ‘మెసేజ్ టు లవ్’, ‘పవర్ టు లవ్’ రెండూ బిగువైనవి. రికార్డు అమెరికాలో 5వ స్థానం దాకా, ఇంగ్లండులో 6వ స్థానం దాకా పోయింది.

హెండ్రిక్స్‌కు మాత్రం ఆ రికార్డు నచ్చలేదు. తన చేతిలో ఉంటే బయటికి రానిచ్చేవాణ్ణి కానని, కొన్నిచోట్ల శ్రుతి కుదరలేదని, ఒక కంపెనీకి బాకీ ఉంటే ఇచ్చామని ఆ ఏడే ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. శ్రుతి విషయంలో అతను చెప్పినది నిజమే. తీగలను అంతగా లాగి పీడిస్తే ఏ గిటారూ శ్రుతిలో నిలవదు. అయినా అతని తీర్పుతో నేను ఏకీభవించలేను. స్టూడియోలో ఇష్టపడి చెక్కిన రికార్డుల్లో అందం ఎక్కువ ఉంది, ఒప్పుకుంటాను. గడువు తరుముతుంటే, ఎవరికో చెల్లించవలసిన బాకీ కింద వాయించిన ఈ పన్నెండున్నర నిమిషాల్లో ఉన్నది వాటిలో దేనిలోనూ లేదు. చెక్కే వ్యవధి ఉంటే ఆ అరుపును కాస్త నునుపు చేసి ఉండేవాడేమో.

బృందం నెల కూడా నిలవలేదు. 1970 జనవరి 28న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన శాంతి సభలో, తెల్లవారుజామున వేదికెక్కి, రెండో పాట మధ్యలో వదిలేసి దిగిపోయాడు. దాంతో బడ్డీ మైల్స్‌ను మేనేజరు జెఫ్రీ సాగనంపాడు. మార్చిలో రికార్డు బజారులోకి వచ్చేనాటికి ఆ పేరుగల బృందం లేదు. జూన్‌లో ఇంగ్లండులో విడుదలైనప్పుడు అట్ట మీద బొమ్మలాట బొమ్మలు పెట్టి నవ్వులపాలై తరువాత మార్చారు. సెప్టెంబరు 18న హెండ్రిక్స్ లండన్‌లో చనిపోయాడు. వయసు 27. పూర్తిగా తన కచేరీతో, తాను కూర్చుని సరిచూసి పంపిన లైవ్ ఆల్బమ్ బతికుండగా ఇదొక్కటే. ఆగస్టులో మాంటెరీ కచేరీ రికార్డు ఒకటి వచ్చింది గాని అందులో సగం ఓటిస్ రెడింగ్‌ది.

మనిషి పోయినా ఫైలు క్లోజు కాలేదు. ఇంగ్లండు వ్యాజ్యంలో 1973లో రాజీ రాసుకున్నారు. జాబితాలో చేర్చిన పాత రికార్డింగులను పి.పి.ఎక్స్. వారు రాయల్టీ చెల్లించి వాడుకోవచ్చు. జాబితాలో లేనివి ఎవరికీ ఇవ్వరాదు. పి.పి.ఎక్స్. వారు జాబితాలో లేనివి కూడా ఇచ్చారు. 1995లో తండ్రి అల్ హెండ్రిక్స్ కొడుకు ఆస్తి మీద హక్కులు తిరిగి రాబట్టుకుని, ఎక్స్‌పీరియన్స్ హెండ్రిక్స్ అనే కుటుంబ సంస్థ పెట్టాడు. ఆ సంస్థ ఇంగ్లండు కోర్టులో దావా వేసింది. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఒప్పందం ఉల్లంఘించారని తేలింది గాని, దానివల్ల తమకు ఇంత నష్టమని అంకె వేసి చూపడానికి కుటుంబం వద్ద ఆధారం లేదు. నష్టం రుజువు కాకపోతే పరిహారం ఎలా? 2003 మార్చిలో అప్పీలు కోర్టు దారి చూపింది. నష్టం లెక్క చూపలేకపోయినా, ముందే అనుమతి అడిగి ఉంటే ఎంత ఇవ్వవలసి వచ్చేదో ఆ రీతిన సహేతుకమైన సొమ్ము చెల్లించి తీరాలన్నది. వచ్చిన లాభమంతా కక్కమనలేదు. ఇంగ్లండులో కాంట్రాక్టు లా చదివే విద్యార్థులు ఈ తీర్పును ఇప్పటికీ చదువుతారు. 1965లో ఒక్క డాలరు పుచ్చుకుని పెట్టిన సంతకం 2003 దాకా, అంటే 38 ఏళ్లు, కోర్టు బల్లల మీద తిరిగింది. సంతకం పెట్టినవాడు బతికినది మొత్తం 27 ఏళ్లు. తండ్రి ఆ తీర్పుకు ముందు ఏడే కన్నుమూశాడు.

ఫిల్మోర్ టేపులు మిగిలినవి తరువాత ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. 1999లో రెండు సీడీలు, 2016లో డిసెంబరు 31 నాటి మొదటి ఆట, 2019లో నాలుగు కచేరీలనూ కూర్చిన అయిదు సీడీల పెట్టె. వాటిలో ‘మెషీన్ గన్’ మళ్లీ మళ్లీ వస్తుంది, ఏ రెండూ ఒకలా ఉండవు. వినాలనుకునే సభ్యులు మాత్రం 1970 నాటి అసలు రికార్డుతోనే మొదలుపెట్టడం మంచిది. ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది, పిల్లలను అడిగితే పెట్టి ఇస్తారు. మొదటి పాటను వదిలి నేరుగా రెండోదానికి పోవచ్చు. ధ్వని మరీ తగ్గించి వినవద్దు. ఇంట్లో వాళ్లు నిద్రలో ఉన్న వేళ మాత్రం వద్దు.